కొత్త నీరు - పాత నీరు

కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందని పెద్దలు చెబుతారు. ఏటి సంగతిలో అది నిజమే. నలుగురు చేరి సరదా కోసం నడుపుకునే సంఘాలలో మాత్రం చాలాసార్లు కథ తిరగబడుతుంది. కొత్త నీరు రాకముందే పాత నీరు వెళ్ళిపోతుంది, అడుగున ఇసుక మిగులుతుంది. మన చెన్నపట్నంలోనే జరిగిన రెండు ఉదంతాలు ఈ నెల పాఠకుల ముందు పెట్టదలచుకున్నాము.

1891లో బళ్ళారి నుంచి సరస వినోదినీ సభ వారు ఈ ఊరు వచ్చి తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభకు పెద్దదిక్కు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. వృత్తికి వకీలు, ప్రవృత్తికి నాటకకర్త. ప్రేక్షకులలో పద్దెనిమిదేళ్ళ తమిళ విద్యార్థి ఒకడు కూర్చున్నాడు. పేరు పమ్మల్ సంబంధం. నాటకమంటే అంతవరకు అతనికి చిన్నచూపే. చదువుకున్నవారు, గౌరవంగా బతికేవారు ముఖానికి రంగు వేసుకుని ఆడటం చూసి అతని మనసు మారిపోయింది. ఆ ఏడే జూలై 1వ తేదీన కొద్దిమంది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. ఆ సభ తమిళంలోనే కాక తెలుగులోనూ నాటకాలు ఆడింది. సత్యమూర్తి గారి వంటి దేశనాయకులు, షణ్ముఖం చెట్టి గారి వంటి ఆర్థికవేత్తలు దాని వేదిక ఎక్కారు. విక్టోరియా పబ్లిక్ హాలులో దాని నాటకమంటే ఊరికి పండుగ. అందులో ఎవరికీ జీతం లేదు, అంతా వేడుక కోసమే.

మరి ఇప్పుడో? సభ ఉంది, పేరూ ఉంది. కాని ఊరికి అది సభ్యులు కలిసి కాలక్షేపం చేసే క్లబ్బుగానే తెలుసు. నాటకాన్ని ఎవరూ పగబట్టి గెంటివేయలేదు. టాకీలు వచ్చాయి. ఆడేవారు పెద్దవారై ఒక్కొక్కరే తప్పుకున్నారు. తరువాత చేరినవారు మంచివారే, చందా సకాలంలో కట్టేవారే. నాటకం కోసం చేరినవారు తగ్గి, స్నేహం కోసం చేరినవారు పెరిగితే ఏ సభ అయినా ఆ దారినే పోతుంది. హాజరు పట్టీ చూస్తే ఆ మార్పు కనబడదు. సభ్యుల సంఖ్య తగ్గనే లేదు కదా!

రెండవ ఉదంతం మన ఇళ్ళకు ఇంకా దగ్గరిది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. అందులో న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. పిల్లలను మైకు ముందు నిలబెట్టి పాడించారు, ఆడించారు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు. బాపు గారు, ముళ్ళపూడి వెంకటరమణ గారు ఆ పత్రికలో చిన్ననాడే బొమ్మలు, కథలు దిద్దుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే దంపతులిద్దరూ హైదరాబాదు తరలివెళ్ళారు. అక్కడ బాలానందం మూడుపువ్వులు ఆరుకాయలుగా సాగింది. ఇక్కడి పిల్లలకు మాత్రం అన్నయ్య, అక్కయ్య ఊరు మారిపోయారు.

ఒకచోట పేరు ఉండిపోయి పని పోయింది. మరొకచోట పనే మరో ఊరికి తరలిపోయింది. వెళ్ళినవారిది తప్పని మేము అనము. బళ్ళారివారు మాత్రం ఏమి చేశారు? నాలుగు నాటకాలు ఆడి వెళ్ళిపోయారు. అయినా వెనుక ఒక విత్తనం పడింది. వారి స్వంత ఊళ్ళోనూ అంతే. ఆచార్యులు గారు 1912లో కాలం చేసినా మేనల్లుడు బళ్ళారి రాఘవ గారు రంగం మీద ఉండనే ఉన్నారు. పాతవారు వెళ్ళడం వల్ల సంఘం చెడదు. వెళ్ళేలోగా పక్కన ఒకరిని నిలబెట్టకపోవడం వల్ల చెడుతుంది.

ఎందుకంటే పాతవారికి తెలిసిన విషయాలు మినిట్స్ పుస్తకంలో ఉండవు. ఏ పద్యంలో ఎక్కడ ఊపిరి తీయాలి, ద్రౌపది పట్టుచీరకు ఏ ఇంటి తలుపు తట్టాలి, మాట మరచిన కుర్రవాణ్ణి నవ్వులపాలు కాకుండా ఎలా అందుకోవాలి, కాఫీ లేనిదే రిహార్సలుకు రానివారెవరు - ఇవన్నీ ఆ బుర్రలలోనే ఉంటాయి. మనిషి వెళ్తే అవీ వెళ్తాయి.

ఇక మన సంగతి. పెద్దలు పిల్లల దగ్గరికి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్తున్నారు. వెళ్ళేటప్పుడు శాలువా కప్పుతాము, రెండు మంచి మాటలు చెబుతాము, ఫోటో తీయించుకుంటాము. ఆయన పెట్టెలోని ప్రాంప్టింగు ప్రతిని మాత్రం అడగము!

ఇది కేవలం వినోదం సంగతి కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని బడిలో తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. మన పిల్లలు తమిళం చక్కగా నేర్చుకుంటున్నారు, సంతోషమే. తెలుగు మాత్రం చాలా ఇళ్ళలో వంటింటి మాటలకే పరిమితమవుతున్నది. అటువంటి పిల్లవాడు నిండైన తెలుగు వాక్యాన్ని నలుగురి ఎదుట గొంతెత్తి పలికే చోటు నాటకం. ఆ చోటు కూడా పోతే మరొకటి వెతకడం కష్టం.

అందుకని మా మనవి మూడు మాటలు. పదేళ్ళుగా కృష్ణుడి వేషం వేస్తున్నవారు ఈసారి తెరచాటున ప్రాంప్టరుగా కూర్చుని, కిరీటం ఒక కొత్త కుర్రవాడి తలమీద పెట్టాలి. అతనికి తెలుగు చదవడం రాకపోతే పాత్ర మాటలు తమిళ లిపిలో రాసి ఇవ్వండి, చిన్నతనం అనుకోకండి. నోటికి వచ్చిన తరువాత అక్షరం మీద ఆశ పుడుతుంది. పాత ప్రతులున్నవారు అంచుల మీది గుర్తులతో సహా నకలు తీయించి సంఘానికి ఇవ్వండి.

ఉగాది నాటకానికి పాత్రలు పంచే రోజు ఎంతో దూరంలో లేదు. ఆ కాగితం మీద ఒక్క కొత్త పేరైనా ఉండేలా చూడవలసిన బాధ్యత మన అందరిదీ. ఆ పేరు మీ ఇంటి పిల్లదైతే మరీ సంతోషం.