షేక్‌పేట సరాయి: బాటసారికి మన బాధ్యత

సంపద చేరిన చోట మేడలు లేవడం వింత కాదు. ఆ సంపదను వెతుక్కుంటూ వచ్చిన పరదేశికి తలదాచుకొనే చోటు దొరికినదా అన్నదే నగర నాగరికతకు గీటురాయి. గోలకొండ నుండి గచ్చిబౌలికి వెళ్లే దారిలోని షేక్‌పేట సరాయి ఆ పరీక్షలో నెగ్గిన కట్టడం.

కుతుబ్‌షాహీల కాలంలో, 17వ శతాబ్దిలో వెలసిన రెండంతస్తుల విడిది అది. వర్తకులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు శాలలు, చెంతనే మసీదు ఉండేవి. నిజానికి గోలకొండలో వజ్రపు గనులు లేవు. కృష్ణాతీరాన కొల్లూరులోను, కర్నూలు సీమలో రామళ్లకోటలోను తెలుగు శ్రామికులు తవ్విన రాళ్లు గోలకొండ విపణికి చేరేవి. కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాసినాడు. వజ్రాల కోసం దూరదేశాల వారు ఇటు పరుగులు తీసినారు.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. 18వ శతాబ్దిలో బ్రెజిల్ వజ్రాలు ప్రపంచ విపణిని ఆక్రమించినవి. నేడు కొల్లూరు గనుల నేల పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. వజ్రాలు ఏయే దేశాలకో తరలిపోయినవి. విడిది మాత్రం ఇక్కడే మిగిలినది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ దిక్కుకే మరొక పరుగు మొదలైనది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినదీ ఆ సంవత్సరమే. నేటి బాటసారి చేతిలో వజ్రాల మూట లేదు, సర్టిఫికెట్ల సంచి ఉన్నది. ప్రవేశ పరీక్షకో, ఉద్యోగపు ఇంటర్వ్యూకో వచ్చిన పేద విద్యార్థికి ఇక్కడి హోటళ్లలో ఒక్క రాత్రి బస కూడా అందని పండే.

సరాయిని బాగుచేసి, టికెట్టు పెట్టి చూపితే చాలునని కొందరంటారు. విందుశాలగా మార్చితే ఆదాయం వస్తుందని మరికొందరంటారు. ఈ రెండింటిలోనూ బాటసారికి చోటు లేదు. పాత సున్నపు గోడలలో నీటి గొట్టాలు దించితే చెమ్మ పట్టి కట్టడం చెడుతుంది, నిజమే. కనుక పాత గదులను ఉర్దూ, తెలుగు పఠనాలయంగా ఉంచి, సమీపంలో విద్యార్థులకు చవకగా ఒక వసతి గృహం నిర్మించడం ఉచితమని నా అభిప్రాయం.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. పరీక్షల దినాలలో బయటి ఊళ్ల అభ్యర్థుల కోసం రెండు గదులు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. విద్యార్థి సోదర సోదరీమణులారా, ఉర్దూలో సరాయి అన్నా, తెలుగులో సత్రమన్నా ధర్మం ఒక్కటే. దానిని నిలుపుకొనే భారం ఇప్పుడు మనది.