రెండు కల్చర్లు

నెల్లూరు తీరంలో కల్చర్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ‘కల్చర్ వేశారా’ అంటే గుంటలో రొయ్య పిల్లను వదిలారా అని. నెల్లూరు ఆస్పత్రుల్లో ‘కల్చర్ పంపారా’ అంటే రోగి రక్తం సీసాకెత్తి ల్యాబ్‌కు ఇచ్చారా అని. యాంటీబయాటిక్‌తో రెండింటికీ పేచీ ఉంది. విచిత్రమేమంటే, మొదటి కల్చర్ మీద ఉన్నంత నిఘా రెండో దాని మీద లేదు.

ఆరోగ్యవంతుడి రక్తంలో బ్యాక్టీరియా నిలవదు. ఆస్పత్రిలో అది రక్తంలోకి చేరే దారులు చాలావరకు వైద్యం కోసం వేసినవే: మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి దించిన సెంట్రల్ లైన్, చేతికి పెట్టిన కాన్యులా, మూత్రం గొట్టం, వెంటిలేటర్ గొట్టం. రక్తానికి సోకిన ఇన్ఫెక్షన్ సెప్సిస్‌గా ముదిరితే బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది, మనిషి మాట తడబడుతుంది. ఇదంతా గంటల్లో జరిగిపోతుంది. అందుకని రిపోర్టు కోసం ఆగరు, మందు ముందే మొదలుపెడతారు. కానీ ఆ మొదటి డోసు పడేలోపే రక్తం తీసి ఉండాలి. పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, అదీ ఒక చేతి నుంచి కాదు, రెండు చోట్ల నుంచి. సీసాను వెచ్చటి యంత్రంలో పెడతారు. లోపల క్రిమి పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే యంత్రం పసిగట్టి హెచ్చరిస్తుంది. అది ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకో రోజో రెండు రోజులో పడుతుంది. చివరికి వచ్చే కాగితంలో ఒక్కో మందు పేరుకు ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఉంటుంది. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు.

ఐసీయూల్లో ఆర్‌లు పెరుగుతున్నాయి. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి క్రిములు మందును ముక్కలు చేసే ఎంజైములు తయారుచేసుకుంటాయి. ఎన్‌డీఎం అలాంటిదే. పెద్ద మందులనుకునే కార్బపెనెమ్‌లను కూడా అది పనికిరాకుండా చేస్తుంది. ఆ ఎంజైము జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద కూర్చుని ఒక జాతి క్రిమి నుంచి ఇంకో జాతికి చేరగలదు. భారత వైద్య పరిశోధన మండలి 2013లో నిఘా వ్యవస్థ ఒకటి మొదలుపెట్టింది. హైదరాబాద్ నిమ్స్ కూడా అందులో ఉంది. ఆ లెక్కల ప్రకారం 2017లో క్లెబ్సియెల్లా నమూనాల్లో 58.5 శాతం ఇమిపెనెమ్‌కు లొంగేవి, 2023కు అది 35.6 శాతానికి దిగింది. ఇవి పెద్దాస్పత్రుల లెక్కలు, నాలుగు చోట్ల తిరిగి వచ్చిన రోగులవి. ఊళ్లోని ప్రతి జ్వరానికీ అన్వయించకూడదు. ఇమిపెనెమ్ కూడా పోతే మిగిలే కొద్ది మందుల్లో కొలిస్టిన్ ఒకటి. కిడ్నీలు దెబ్బతింటాయని 1970లలో వైద్యులు పక్కన పెట్టేసిన పాత మందు అది.

ఆ కొలిస్టిన్‌నే కోళ్ల మేతలో కలిపేవారు. కోళ్లకూ ఆక్వాకూ దాన్ని వాడరాదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. రొయ్యలకు మందుల కథ అంతకంటే పాతది. 1994-95లో తెల్లమచ్చ తెగులు కండలేరు పొడుగునా టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. అది వైరస్, దానిమీద ఏ యాంటీబయాటిక్ పోసినా నీళ్లలో పోసినట్టే. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది, విబ్రియో అనే బ్యాక్టీరియా బెడద మాత్రం తప్పలేదు. దారి మార్చింది కొనేవాడు. భారత్ నుంచి వచ్చే ఆక్వా సరుకులో 10 శాతాన్ని తనిఖీ చేస్తున్న ఐరోపా యూనియన్ 2016లో దాన్ని 50 శాతానికి పెంచింది. ఐరోపాకు వెళ్లే సరుకైతే పట్టుబడికి ముందే గుంటలోంచి తీసిన రొయ్యలు, ఐసుపెట్టెలో, గుంట వివరాలతో సహా ల్యాబ్‌కు వెళ్లాలి. కిలో మాంసంలో మైక్రోగ్రాము పాటి క్లోరాంఫెనికాల్ ఉన్నా అక్కడ దొరికిపోతుంది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు ఇచ్చిన మందే అది.

ఐసీయూ క్రిములకు రొయ్యను దోషిని చేయడం తేలిక, కానీ సరికాదు. వార్డులో క్లెబ్సియెల్లా ఎక్కువగా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి, కడగని చేతుల మీద వెళ్తుంది. పోల్చాల్సింది పరీక్షను. తీరం పల్లెలో జ్వరమొస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తారు. మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ సూది పడ్డాక, తగ్గకపోతే, చేతికి కాన్యులాతోనే నెల్లూరు వస్తారు. అప్పుడు తీసిన రక్తంలో చాలాసార్లు ఏమీ పెరగదు. ‘నో గ్రోత్’ అని వస్తుంది. క్రిమి లేదని కాదు, మందు దాన్ని సీసాలో ఎదగనివ్వలేదు. రొయ్య రైతుకు చెరువులో మందు పడకముందు ఏం చేయాలో, పడ్డాక ఎన్నాళ్లు ఆగాలో చెప్పేవాళ్లున్నారు, జ్వరం రోగికి లేరు.

చట్టం లేకపోలేదు. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటివి అమ్మితే మందుల షాపు వేరే రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరు అమ్మకాన్ని చూస్తుంది గానీ అవసరాన్ని చూడదు.

కల్చర్ సవ్యంగా తీసి, మూడో రోజు రిపోర్టు వచ్చినా ఇంకో మెలిక ఉంది. మెరోపెనెమ్ ఎక్కుతున్న రోగికి అంతకంటే చిన్న మందు ఎదుట ఎస్ ఉంటుంది. పెద్ద మందు ఆపి దానికి మారాలి. జ్వరం దిగుతుంటే మందు మార్చడమేమిటని బంధువులంటారు. మార్చాక తిరగబెడితే మాట పడాల్సింది డాక్టరు. రిపోర్టు కేస్‌షీటు వెనక చేరుతుంది, మెరోపెనెమ్ ఎనిమిది గంటలకోసారి ఎక్కుతూనే ఉంటుంది.