వెనుక సఫ్‌లో కుర్చీ

గత షాబాన్ మాసంలో జుమా నమాజు ముగిసిన పిదప ఒక సోదరుడు మా వద్దకు వచ్చారు. యాభై దాటిన వయసు, షుగర్ వ్యాధి, ఏళ్ల తరబడి బియ్యం బస్తాలు మోసిన నడుము. డిస్క్ జారి, పిరుదు నుండి మడమ వరకు కాలు నిప్పులా మండుతున్నదట. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమని డాక్టరు సలహా ఇచ్చారట. “మౌలానా, వేయించుకుంటే తవక్కుల్‌కు లోపమా? వేయించుకోకపోతే తరావీహ్‌లో నిలబడలేను. కుర్చీలో కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది” అన్నారు.

వైద్యం చేయించుకొమ్మని ఆదేశించినవారు స్వయంగా మహాప్రవక్త (స). కాబట్టి మొదటి సందేహానికి తావు లేదు. అయితే ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుందో తెలుసుకోవాలి. ఉబికిన డిస్క్ నరం మొదలును ఒత్తినప్పుడు అక్కడ వాపు పుడుతుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుంది, డిస్క్‌ను సరిచేయదు. ఉపశమనం కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉంటుంది. కొందరికి అసలే ఉండదు. చాలామందిలో జారిన డిస్క్ బాధ కాలక్రమేణా దానంతటదే తగ్గుతుంది. అంతవరకు ఓర్చుకోవడానికి ఇది ఒక ఆసరా. నొప్పి లేదు కదా అని మళ్లీ బస్తా ఎత్తరాదు.

షుగర్ ఉన్నవారికి మరొక మాట. ఈ మందు వల్ల కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. రోజాలు పాటించదలచినవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తేదీ నిర్ణయించుకోవాలి. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. పోషణనివ్వని ఇంజెక్షన్‌తో రోజా భంగం కాదన్నది నేటి ఫఖీహులలో అత్యధికుల అభిప్రాయం. కాలు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా, తొడల నడుమ స్పర్శ పోయినా ఇంజెక్షన్ తేదీ కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కుర్చీ. మొలల వ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే ప్రక్కకు పడుకుని చేయమని దైవప్రవక్త (స) అనుమతించారు. ఫర్జ్ నమాజుకే ఇంత వెసులుబాటు ఉండగా తరావీహ్‌కు సంకోచమెందుకు? నేలపై సజ్దా చేయలేనివారు తల వంచి సైగ చేస్తే చాలు; రుకూ కంటే సజ్దాకు కొంచెం ఎక్కువ వంగాలి.

ఇదంతా చెప్పాక, ఇంత సిగ్గు ఎందుకని అడిగాము. ఆయన తల దించుకున్నారు. అంతకుముందు ఏడాది ఒక ప్రసంగంలో “మస్జిదులు కుర్చీలతో పెళ్లి పందిళ్లవుతున్నాయి” అని మేమే చమత్కరించామట. అందరితో పాటు ఆయనా నవ్వారట.

ఆయన ఇంజెక్షన్ వేయించుకున్నారు. నొప్పి సగం తగ్గింది. తరావీహ్ మొదటి రాత్రి సఫ్ చివర ఆయన కుర్చీని మేమే తెచ్చి వేశాము.