తీగ తెంచకుండా

మనవి బదిలీల కుటుంబాలు. ఊరు కొత్త, దారులు కొత్త. బిలాస్‌పూర్‌లోని ఈ తార్‌బహార్‌కు వచ్చాక మనలో చాలామందిమి కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో తీయించి, మ్యాపు చూపే తెర పెట్టిద్దామనుకుంటాం. పెట్టించుకోవచ్చు. అయితే తీగలు కోయనివ్వకూడదు.

కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకు కుదుపులకు వదులవుతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే మంటలు రావచ్చు. వారంటీకీ చిక్కే. మన కారు మోడల్‌కు సరిపడే కప్లర్ కొంటే ఒక్క తీగా కోయనక్కరలేదు. కొత్త స్టీరియోల్లో సాధారణంగా పసుపు తీగకు ఎప్పుడూ 12 వోల్టుల కరెంటు అందాలి, ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడే అందాలి. కప్లర్ ఆ రెంటినీ సరైన చోట కలుపుతుంది. పాత స్టీరియో దాచుకుంటే కారు అమ్మేటప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు.

భాష సంగతీ అంతే. బడిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో ఛత్తీస్‌గఢీ నేర్చుకుందాం. అందుకోసం ఇంటి తెలుగును తెంచుకోనక్కరలేదు. అది పోతే అమ్మమ్మతో ఫోనులో మాట్లాడడానికీ మధ్యన మరొకరు కావాలి. కొత్త తెర బిగించిన రోజే మ్యాపు గొంతును తెలుగుకు మార్చమని ఇంట్లో అడుగుదాం. రోజూ వింటే కుడి, ఎడమ అనే మాటలైనా మన నోట నిలుస్తాయి.