శీతల యంత్రములకు తనిఖీ వలదా?

శామీర్‌పేట దాటి అలియాబాద్ మీదుగా తుర్కపల్లి వరకు రాజీవ్ రహదారి వెంట పోవువారికి నేడు పొలములతోపాటు కల్యాణ మండపములు, రిసార్టులు, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు కానవచ్చును. టీకాలు తయారగు చోట చల్లదనము విలాసము కాదు, ప్రాణావసరము. కావున మేము ఏసీలను నిందింప బూనలేదు. అవి త్రాగు విద్యుత్తునకు లెక్క యడుగు చట్టము మనకు గలదా యనునదియే మా ప్రశ్న.

చట్టము బొత్తిగా లేకపోలేదు. పార్లమెంటు 2001లో ఇంధన పరిరక్షణ చట్టమును చేసెను. గదుల ఏసీలకు నక్షత్రపు గుర్తులు 2010 నుండి తప్పనిసరి యయ్యెను. 2020 జనవరి 1 నుండి అవి 24 డిగ్రీల యమరికతో విపణికి రావలెనని విధించిరి. పెద్ద వాణిజ్య భవనముల నిర్మాణమునకై 2007లో వెలువడిన నియమావళిని 2017లో సవరించిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాష్ట్ర విభజనకు ముందే, 2014లో, దానిని స్వీకరించెను.

అయినను ఇవన్నియు జన్మకాలపు పరీక్షలే. బిడ్డ పుట్టగానే జాతకము వ్రాయించి, పిదప జ్వరము వచ్చినను నాడి చూపింపని తండ్రివలె మన చట్టము ప్రవర్తించుచున్నది. కేంద్రము ప్రత్యేకముగా గుర్తించిన భారీ వినియోగదారులకే ఇంధన ఆడిట్ విధి. నడితరపు మండపమును, దుకాణ సముదాయమును అడుగు నాథుడు లేడు.

యంత్రము పాడగుట ఒక్కనాటి పని కాదు. వడపోత జాలి దుమ్ముతో పూడును. బయటి పెట్టె రేకుల నడుమ మట్టి పేరుకొనును. గ్యాసు సన్నగా కారిపోవును. చల్లదనము తగ్గెనని 18 డిగ్రీలకు త్రిప్పుదురు. బిల్లు పెరుగును; హేతువు తెలియదు. పైగా యంత్రము కొనువాడు యజమాని, బిల్లు కట్టువాడు అద్దెదారు. ఇక బాగుచేయు పూచీ ఎవ్వరిది?

ఐరోపా కూటమి 2002 నాటి ఆదేశముతో 12 కిలోవాట్లకు మించిన శీతల వ్యవస్థలకు నియమిత తనిఖీ విధించెను. ఇంగ్లండులో ఐదేండ్లలోపల ఒకసారి పరీక్ష జరుగవలెను. చిన్నవారిని వదలి పెద్దవారిని పట్టుట మేలని కాబోలు, ఐరోపా 2018లో ఆ హద్దును 70 కిలోవాట్లకు పెంచెను. మనమును అచ్చటనే మొదలిడవచ్చును.

తనిఖీ యనగానే మామూళ్లు జ్ఞప్తికి వచ్చునని పాఠకులు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. కావున పరీక్షకుని అర్హుల జాబితానుండి యజమానియే ఎన్నుకొనవలెను. పరీక్షకునకు తాళము వేయు నధికారము ఉండరాదు. నివేదిక ప్రతి అద్దెదారునకును అందవలెను. నివేదిక లేనివానికే జరిమానా విధింపవలెను.

ఇది పట్టణవాసుల గొడవయని రైతులు ఉపేక్షింపరాదు. యాసంగి వరి గింజ పట్టు దినములలోనే ఎండలు ముదురును. బోరు మోటారు భారము, ఏసీల భారము అప్పుడు ఒక్కసారిగా విద్యుత్తుపై పడును. మండపమున వ్యర్థమగు ప్రతి యూనిట్టును మడికి నీరెత్తగలిగినదే. తనిఖీ అధికారులను నియమించు నధికారమును 2001 చట్టము రాష్ట్రములకే యిచ్చినది. తెలంగాణ ప్రభుత్వము రాబోవు వేసవికి ముందే యీ నియమమును రూపొందించుట యుచితము. కట్టిననాడు చూచుట చాలదు, నడచుచున్ననాడు చూడవలెను.