చినతాతకి పట్టింది దెయ్యమా, రోగమా?

మనవాళ్ళలో ఒక విచిత్రం ఉంది. బతికున్నప్పుడు "పిచ్చివాడు" అని దాచేసిన మనిషిని, పోయాక ఇంటిల్లిపాదీ భయంతో తలుచుకుంటారు. అతని పేరు పెళ్ళిచూపుల్లో రాదు, జ్యోతిష్కుడి నోట మాత్రం వస్తుంది. దానికి ఆయన పెట్టిన పేరు పితృదోషం.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో ఈ కథ అరుదేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చినవాళ్ళం మనం. మా తాతగారి తమ్ముడు వర్క్‌షాపులో ఫిట్టరు. 1930లలో మతి చలించింది, రాంచీ పంపారు, తిరిగి రాలేదు. ఇంట్లో చెప్పే కారణం ఒక్కటే: దాయాదులు చిల్లంగి పెట్టారు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు.

ఎనభై ఏళ్ళు దాటాక ఆ కథకి కొత్త గిరాకీ వచ్చింది. ప్రేమ్‌బజార్‌లో మా బంధువుల అమ్మాయి, చదువుకుంటున్న పిల్ల. నిద్ర లేదు, చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటుంది. డాక్టరు మందులిచ్చాడు, కాస్త నయంగా ఉంది. అంతలో ఒక జ్యోతిష్కుడు ఆ చినతాత ఆత్మ శాంతించలేదన్నాడు. గయ వెళ్ళి పిండం పెట్టాలట, అందాకా మాత్రలు ఆపాలట. ఆపేశారు కూడా. నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు లేని ఎంట్రీని పాస్ చేయడం నాకు చేతకాదు. కాబట్టి చినతాతని ఆత్మగా కాదు, రోగిగా వెతకడం మొదలుపెట్టాను.

వెతకడానికి దారి ఉంది. 1858 చట్టం, తర్వాత 1912 లూనసీ చట్టం ప్రకారం మనిషిని ఊరికే తీసుకెళ్ళి ఆసుపత్రిలో పడేయడానికి లేదు. బంధువులు పిటిషన్ పెడితే రెండు డాక్టరు సర్టిఫికెట్లు, దానిమీద మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. వీధిలో తిరిగేవాణ్ణి పోలీసులు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అంటే కోర్టులో ఒక కాగితం, ఆసుపత్రిలో ఒక కాగితం, రైల్వే సర్వీసులో ఒక కాగితం పుట్టి తీరాలి. రాంచీ దగ్గర కాంకేలో 1925లో ఇండియన్ మెంటల్ హాస్పిటల్ తెరిచారు, అదే ఇప్పటి రిన్‌పాస్. యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ 1918 నుంచే అక్కడ వేరే ఆసుపత్రి ఉంది. దెయ్యాలకి జాతిభేదం ఉందో లేదో గానీ, ఆసుపత్రులకి మాత్రం ఉండేది. ఒకే వర్క్‌షాపులో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్‌కి ఒక గేటు, తెలుగు ఫిట్టరుకి ఇంకో గేటు.

ఆనాటి ఆసుపత్రుల వార్షిక నివేదికలు చాలావరకు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వారు ఇంటర్నెట్‌లో పెట్టారు. మన వాల్తేరు ఆసుపత్రి లెక్కలు మద్రాసు ప్రెసిడెన్సీ నివేదికల్లో ఉంటాయి. వాటిలో ఉండేవి పేర్లు కావు, పట్టికలు: ఎందరు చేరారు, ఎందరు నయమై వెళ్ళారు, ఎందరు పోయారు, తిండికి ఎంత ఖర్చయింది. "పిచ్చికి కారణం" అని ఒక పట్టిక కూడా ఉంటుంది.

హేతువాద మిత్రులకి నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. జ్యోతిష్కుడి మాట నమ్మం సరే, సర్కారు రికార్డని ఈ పట్టికని కళ్ళు మూసుకుని నమ్ముతామా? 1893-94లో గంజాయి మీద వేసిన కమిషన్ ఆ పనే చేయలేదు. 1892లో బ్రిటిష్ ఇండియా ఆసుపత్రుల్లో చేరిన 1,344 మందిలో 222 మందికి కారణం గంజాయి వగైరా అని రాసి ఉంది. కమిషన్ ఒక్కొక్క కేసునీ తవ్వి చూస్తే, ఆ మాట నిలబడింది 98 మంది విషయంలోనే. మిగతావాటి సంగతేమిటి? మనిషి గంజాయి తాగుతాడని పోలీసువాడు విన్నాడు, కాగితం మీద రాశాడు, ఆసుపత్రి గుమాస్తా దాన్ని ఎక్కించాడు. మా ఇంటి చిల్లంగికీ ఆ గంజాయికీ తేడా ఏముంది? రెండూ వినికిడి ఎంట్రీలే. ఒకటి నోటి మీద నడిచింది, ఇంకొకటి సిరా మీద నడిచింది. కమిషన్ చేసింది ఆడిట్. అదే హేతువాదం.

అసలు కారణాలు వేరే చోట బయటపడ్డాయి. ఆసుపత్రుల్లో పక్షవాతంతో, మతిభ్రమతో చనిపోయే ఒక తరహా రోగుల మెదళ్ళలో 1913లో నోగుచి, మూర్ సిఫిలిస్ క్రిమిని చూపించారు. నియాసిన్ అనే విటమిన్ లోపిస్తే వచ్చే పెల్లాగ్రా కూడా మతి చెడగొడుతుంది. జొన్నే ముఖ్యాహారమైన దక్కన్ పేదల్లో ఆ రోగాన్ని హైదరాబాదులో గోపాలన్, శ్రీకంటియా పరిశోధించారు. స్కిజోఫ్రీనియాకి పనికొచ్చే మొదటి మందు క్లోర్‌ప్రొమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. 1930లలో రాంచీ వెళ్ళినవాడికి అది లేదు. నయం కాకపోవడం చిల్లంగి బలం కాదు, మందు ఇంకా పుట్టకపోవడం.

మా ఆఫీసులో పద్దు తెలియని మొత్తాన్ని సస్పెన్స్ అకౌంట్‌లో ఉంచేవాళ్ళం, ఆధారం దొరికాక సర్దేవాళ్ళం. చినతాత పేరు నాకింకా దొరకలేదు. కాబట్టి ఆయన రోగానికి కారణం "తెలియదు". అది సస్పెన్స్‌లోనే ఉండనివ్వండి. "తెలియదు" అనడంలో సిగ్గేమీ లేదు. తెలియనిదాన్ని దెయ్యం పద్దుకి రాసి, దక్షిణ వసూలు చేయడమే సిగ్గుమాలినపని.

ఆ పద్దు ఖరీదు చిన్నది కాదు. తమిళనాడు ఏర్వాడిలో దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి, గొలుసులతో కట్టేసిన రోగుల పాకకి 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. పరిగెత్తడానికి వీల్లేక 28 మంది పోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదంటోంది. మాత్రలు మానిపించి పూజకి కూర్చోబెట్టడం కంటికి కనపడని గొలుసు.

ఇంట్లో అలాంటి పూర్వీకుడు ఉంటే దాచకండి. ఏ ఏడు, ఏ ఊరు, ఏ ఉద్యోగం, పెద్దవాళ్ళు పోకముందే అడిగి రాసుకోండి. రక్తసంబంధీకుల్లో ఇలాంటి రోగం ఉందన్న సంగతి డాక్టరుకి అక్కరకొస్తుంది. పిల్లలకి చెప్పండి. జబ్బు పడ్డాడని చెప్పండి, శపించబడ్డాడని కాదు. పితృదోషం అన్నవాడిని మాత్రం ఒక్కటే అడగండి: అయ్యా, వోచరు ఏదీ?