నౌక ఎట్లా నడుస్తది?

1966లో అమెరికా టీవీలో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్లో నౌక కాంతిని మించి పోతుంది. అదంతా ఉత్త కట్టుకథ అని కొందరు కొట్టిపారేస్తారు. నేను మాత్రం ఒప్పుకోను.

కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. దాన్ని ఏ వస్తువూ దాటలేదని ఐన్‌స్టీన్ చెప్పాడు. అందుకే కథలోని 'వార్ప్' ఇంజన్ నౌక చుట్టూ ఉన్న చోటునే వంచేస్తుంది. 1994లో మెక్సికో శాస్త్రవేత్త అల్కుబియెర్రె దీనికి లెక్క కట్టాడు. నౌక ముందర చోటు ముడుచుకోవాలి, వెనక చోటు సాగాలి. అప్పుడు దూరమే తరుగుతుంది. కానీ దానికి బోలెడంత ఋణశక్తి కావాలి. అంత శక్తి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

కనుక ఇంజన్ ఇప్పటికీ కథే, లెక్క మాత్రం నిజం. ఆ లెక్కకు ఊహ ఇచ్చింది కథే. క్లాసులో ఎవరైనా "నౌక ఎట్లా నడుస్తది?" అని అడిగితే నవ్వకండి. కాగితం, పెన్సిలు ఇవ్వండి!